వరోవా నల్లి నివారణ పద్ధతుల ఎంపిక

వరోవా నల్లి తేనెటీగల ఒంటిని పట్టుకొని బతికే బాహ్య పరాన్నజీవి. దీని శాస్త్రీయ నామం వరోవా డిస్ట్రక్టర్. ఐరోపా తేనెటీగలను పెంచే దేశాలలో ఇది తేనెటీగలకు ప్రధాన శత్రువు. నివారణ లేకుండా వదిలివేస్తే సాధారణంగా రెండు మూడు సంవత్సరాలలో ఈగల కుటుంబం మొత్తం నశిస్తుంది. ఈ నల్లిని అదుపు చేయడానికి పదికి పైగా మందులు, పద్ధతులు వాడుకలో ఉన్నాయి. అయితే అన్ని కాలాలలోను, అన్ని ప్రాంతాలలోను పనిచేసే మందు ఒక్కటి కూడా లేదు. ఒక మందు పనిచేయడం, చేయకపోవడం పెట్టెలో మూత వేసిన సంతానం ఉన్నదా, ఎండ ఎంత ఉన్నది, తేనె తీసే కాలమా, ఇంతకు ముందు ఏ మందు వాడారు అనే విషయాలపై ఆధారపడి ఉంటుంది. అందువలన "ఏది మంచి మందు" అనే ప్రశ్న కంటే "ఈ పెట్టెకు, ఈ నెలలో ఏది తగిన మందు" అనే ప్రశ్న ముఖ్యమైనది.

== పేరు, చరిత్ర ==

ఈ నల్లుల ప్రజాతికి ప్రాచీన రోమన్ పండితుడు మార్కస్ టెరెన్షియస్ వారో పేరు పెట్టారు. వ్యవసాయంపై ఆయన రాసిన గ్రంథంలో తేనెటీగల పెంపకం ప్రస్తావన ఉన్నది. 1904లో జావా ద్వీపంలో ఆసియా తేనెటీగలపై దొరికిన నల్లికి ఔడెమాన్స్ అనే శాస్త్రవేత్త వరోవా జాకబ్‌సోనీ అని పేరు పెట్టాడు. ఐరోపా ఈగలను నాశనం చేస్తున్నది కూడా ఇదే జాతి అని చాలా కాలం భావించారు. 2000లో ఆండర్సన్, ట్రూమన్ అనే శాస్త్రవేత్తలు రెండూ వేర్వేరు జాతులని నిరూపించి, రెండవ దానికి "నాశనం చేసేది" అనే అర్థం వచ్చేలా డిస్ట్రక్టర్ అని పేరు పెట్టారు.

ఈ నల్లికి సహజమైన ఆతిథేయి ఆసియా తేనెటీగ, అనగా ఏపిస్ సెరనా. మన ప్రాంతంలో పుట్ట తేనెటీగ అని పిలిచేది ఈ జాతినే. యుగాలుగా కలిసి బతికినందువలన ఈ ఈగ నల్లిని తట్టుకోవడం నేర్చుకున్నది. ఒంటి మీది నల్లిని కాళ్ళతో దులిపివేస్తుంది, నల్లి పట్టిన పిల్లను తీసి పారవేస్తుంది. పైగా ఈ ఈగలలో నల్లి ముఖ్యంగా పోతుటీగల అరలలోనే పిల్లలు పెట్టగలదు. ఇరవయ్యవ శతాబ్దంలో ఐరోపా తేనెటీగలను, అనగా ఏపిస్ మెల్లిఫెరాను, ఆసియా దేశాలకు తెచ్చి పెంచినప్పుడు నల్లి ఈ కొత్త ఆతిథేయి మీదికి పాకింది. ఈ ఈగకు దానిని ఎదుర్కొనే అలవాటు లేదు. ఆ తరువాత ఈగల రవాణాతో పాటు నల్లి ప్రపంచమంతటా వ్యాపించింది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1987లో, బ్రిటన్‌లో 1992లో, న్యూజిలాండ్‌లో 2000లో దీనిని గుర్తించారు. చాలా కాలం దీని బారిన పడకుండా ఉన్న ఆస్ట్రేలియాలో 2022 జూన్‌లో న్యూకాసిల్ రేవు వద్ద ఇది బయటపడింది. వేల పెట్టెలను నాశనం చేసి నల్లిని పూర్తిగా తుడిచివేయాలని ప్రయత్నించిన ఆ దేశం, 2023 సెప్టెంబరులో ఆ ప్రయత్నం విరమించి, నల్లితో కలిసి బతికే నిర్వహణ విధానానికి మారింది.

భారతదేశంలో ఐరోపా తేనెటీగను 1960ల మొదటి భాగంలో, అప్పటి పంజాబులోని నగ్రోటాలో విజయవంతంగా ప్రవేశపెట్టారు. ఈ ఊరు ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్నది. 2000ల దశకం మధ్యలో ఉత్తర భారతదేశంలో ఈ ఈగల పెంపకందారులు వరోవా వలన తీవ్రంగా నష్టపోయారు.

== నల్లి జీవిత చక్రం ==

నివారణ పద్ధతుల బలం, బలహీనత రెండూ నల్లి జీవిత చక్రంలోనే ఉన్నాయి. అందువలన దీనిని తెలుసుకోకుండా మందు ఎంచుకోవడం సాధ్యం కాదు.

పెరిగిన ఆడ నల్లి ఎరుపు కలిసిన గోధుమ రంగులో, చిన్న పీత ఆకారంలో ఉంటుంది. దాని పొడవు సుమారు 1.1 మిల్లీమీటర్లు, వెడల్పు సుమారు 1.6 మిల్లీమీటర్లు. పొడవు కంటే వెడల్పు ఎక్కువ కావడం దీనిని గుర్తుపట్టడానికి మంచి ఆనవాలు. దీని జీవితంలో రెండు దశలు ఉన్నాయి.

* '''ఈగ మీది దశ:''' ఈ దశలో ఆడ నల్లి పెద్ద ఈగ పొట్ట కింది పొరల మధ్య దూరి ఉంటుంది. పైనుంచి చూస్తే తరచు కనిపించదు. ఈ దశలో ఉన్న నల్లికి దాదాపు అన్ని మందులూ తగులుతాయి.
* '''అరలోని దశ:''' పిల్లపురుగు ఉన్న అరకు ఈగలు మైనపు మూత వేయడానికి కొన్ని గంటల ముందు నల్లి అందులోకి దూరుతుంది. మూత పడిన తరువాత సుమారు 60 నుంచి 70 గంటలకు మొదటి గుడ్డు పెడుతుంది. దాని నుంచి మగ నల్లి వస్తుంది. ఆ తరువాత సుమారు 30 గంటలకు ఒకటి చొప్పున ఆడ నల్లుల గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ అరలోనే జతకడతాయి. ఈగ బయటికి వచ్చినప్పుడు తల్లి నల్లి, ఎదిగిన ఆడ పిల్లలు దానితో పాటు బయటపడతాయి. మగ నల్లి, ఎదగని పిల్లలు అరలోనే చనిపోతాయి.

కూలి ఈగల అర సుమారు 12 రోజులు మూతతో ఉంటుంది. పోతుటీగల అర అంతకంటే రెండు రోజులకు పైగా ఎక్కువ కాలం మూసి ఉంటుంది కనుక అందులో ఎక్కువ నల్లులు ఎదుగుతాయి. అందుకే నల్లి కూలి ఈగల అరల కంటే పోతుటీగల అరలను దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువగా ఎంచుకుంటుంది.

సంతానం పుష్కలంగా ఉన్న కాలంలో కుటుంబంలోని నల్లులలో సగానికి మించి, తరచు మూడింట రెండు వంతులు, మూత వేసిన అరలలోనే ఉంటాయి. మూత దాటి లోపలికి పోలేని మందు ఏదైనా సరే వాటిని తాకదు.

== కలిగే నష్టం ==

నల్లి ఈగ రక్తద్రవాన్ని పీలుస్తుందని చాలా కాలం భావించారు. అది పెద్ద ఈగలలో ముఖ్యంగా కొవ్వు కణజాలాన్ని తింటుందని 2019లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపించింది. ఈ కణజాలం మన శరీరంలో కాలేయం చేసే పనుల వంటి పనులెన్నో ఈగ శరీరంలో చేస్తుంది. అది క్షీణిస్తే ఈగ వ్యాధి నిరోధక శక్తి, ఆయుష్షు తగ్గిపోతాయి.

నల్లి చేసే గాయం కంటే అది మోసుకొచ్చే వైరస్‌లు ఎక్కువ ప్రమాదకరమైనవి. వీటిలో ముఖ్యమైనది రెక్కల వైకల్య వైరస్. ఇది సోకిన ఈగలు ముడుచుకుపోయిన రెక్కలతో పుట్టి, ఎగరలేక పెట్టె ముందు నేల మీద పాకుతూ కనిపిస్తాయి. ఈ దృశ్యం కంటబడే నాటికి వ్యాధి బాగా ముదిరి ఉంటుంది. అందుచేత లక్షణాలు కనిపించే వరకు ఆగితే ఆలస్యమవుతుంది. నల్లులను నెలనెలా లెక్కించాలి.

== లెక్కించే పద్ధతులు ==

* '''ఆల్కహాల్‌తో కడగడం:''' సంతానం ఉన్న చట్రం నుంచి అర కప్పు ఈగలను, అనగా సుమారు 300 ఈగలను, ఒక సీసాలోకి తీసుకుంటారు. చట్రం మీద రాణి ఈగ లేదని ముందుగా నిర్ధారించుకోవాలి. సీసాలో ఆల్కహాల్ పోసి కుదిపితే నల్లులు విడిపోయి జల్లెడ కిందికి దిగుతాయి. ఈగలు చనిపోతాయి కాని లెక్క కచ్చితంగా వస్తుంది.
* '''పొడి చక్కెర పద్ధతి:''' అన్నే ఈగలను మెత్తని చక్కెర పొడితో కలిపి, ఒకటి రెండు నిమిషాలు ఉంచి, జాలీ మూత గుండా దులుపుతారు. ఈగలు బతుకుతాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చక్కెర ముద్దకట్టి లెక్క తక్కువగా వస్తుంది.
* '''జిగురు అట్ట:''' పెట్టె అడుగున జాలీ కింద జిగురు పూసిన అట్టను ఉంచి, రోజుకు ఎన్ని నల్లులు రాలుతున్నాయో చూస్తారు. కుటుంబం పరిమాణాన్ని బట్టి ఈ సంఖ్య మారుతుంది కనుక ఇది స్థూలమైన అంచనా మాత్రమే.

ఉదాహరణకు 300 ఈగలను కడిగినప్పుడు 9 నల్లులు వచ్చాయనుకుందాం. అప్పుడు నల్లుల శాతం 3. అమెరికాలోని మార్గదర్శకాలు సాధారణంగా 100 ఈగలకు 2 నుంచి 3 నల్లులను హెచ్చరిక స్థాయిగా చెబుతాయి. అది దాటితే వెంటనే నివారణ చర్య తీసుకోవాలి.

== నివారణ పద్ధతులు ==

=== మందు లేని పద్ధతులు ===

'''పోతుటీగల సంతానాన్ని తొలగించడం:''' పోతుటీగల అరలు కట్టుకోవడానికి వీలుగా ఒక ప్రత్యేక చట్రం ఇస్తారు. నల్లులు ఆ అరలలోకి ఎక్కువగా చేరతాయి. మూత వేసిన తరువాత, ఈగలు బయటికి రాకముందే ఆ చట్రాన్ని తీసివేస్తారు. పోతుటీగ గుడ్డు పెట్టిన 24వ రోజున బయటికి వస్తుంది. ఆ గడువు మరిచిపోతే వల వంటి ఆ చట్రమే నల్లుల పుట్టినిల్లు అవుతుంది.

'''రాణిని బంధించడం:''' రాణి ఈగను చిన్న పంజరంలో సుమారు 24 రోజులు ఉంచితే కొత్త గుడ్లు ఉండవు. అప్పటికే ఉన్న సంతానమంతా బయటికి వస్తుంది. ఆనాటికి నల్లులన్నీ ఈగల ఒంటి మీదనే ఉంటాయి. అప్పుడు వేసిన మందు అన్నిటికీ తగులుతుంది.

'''జాలీ అడుగు పలక:''' రాలిన నల్లి తిరిగి పైకి ఎక్కకుండా కొంత ఉపయోగపడుతుంది. దీనిని మాత్రమే నమ్ముకుంటే సరిపోదు.

=== సేంద్రియ ఆమ్లాలు ===

'''ఫార్మిక్ ఆమ్లం:''' దీని ఆవిరి మైనపు మూత గుండా లోపలికి చేరి అరలోని నల్లులను కూడా చంపుతుంది. వాడుకలో ఉన్న మందులలో ఈ గుణమే దీని ప్రత్యేకత. అయితే ఇది ఉష్ణోగ్రతపై పూర్తిగా ఆధారపడుతుంది. తయారుగా దొరికే ఫార్మిక్ పట్టీలను పగటి ఉష్ణోగ్రత 10 నుంచి 29.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు వాడాలని వాటి లేబిళ్ళు చెబుతాయి. ఎండ ఎక్కువైతే ఆవిరి ఒక్కసారిగా వెలువడి, లేత సంతానం, కొన్నిసార్లు రాణి ఈగ కూడా చనిపోతాయి.

'''ఆక్సాలిక్ ఆమ్లం:''' దీనిని చక్కెర పాకంలో కలిపి చట్రాల మధ్య ఈగల మీద పోస్తారు, లేదా వేడి చేసి ఆవిరి పట్టిస్తారు. సంతానం లేని కుటుంబంలో ఒక్క విడతతోనే 90 శాతానికి పైగా నల్లులు చనిపోతాయి. ఇది మైనపు మూతను దాటలేదు. అమెరికాలో 2015లో అనుమతి పొందిన లేబిల్ ప్రకారం 1:1 పాళ్ళ చక్కెర పాకం ఒక లీటరుకు 35 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్ల డైహైడ్రేట్ కలిపి, రెండు చట్రాల మధ్య సందుకు 5 మిల్లీలీటర్ల చొప్పున, కుటుంబానికి 50 మిల్లీలీటర్లు మించకుండా పోయాలి. ఈ ద్రవాన్ని మాటిమాటికి పోస్తే ఈగలకు హాని కలుగుతుంది.

=== సుగంధ పదార్థాలు ===

'''థైమాల్:''' తెలుగువారికి ఇది కొత్త పదార్థం కాదు. వాము గింజల ఘాటైన వాసనకు కారణం ఇదే. ఆయుర్వేద దుకాణాలలో వాము పువ్వు పేరుతో అమ్మే స్ఫటికాలు థైమాలే. నల్లి నివారణకు దీనిని జెల్ రూపంలో గాని, పలకల రూపంలో గాని చట్రాల పైన ఉంచుతారు. నెమ్మదిగా ఆవిరై పెట్టెలో వ్యాపిస్తుంది. వాతావరణం 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే సరిగా ఆవిరి కాదు. ఎండ బాగా ఎక్కువైతే ఘాటుకు ఈగలు పెట్టె బయట గుంపుగా చేరతాయి, రాణి గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. తేనెకు వాసన పడుతుంది కనుక తేనె గది ఉన్నప్పుడు వాడరు. మూత వేసిన అరలలోకి దీని ప్రభావం అంతగా చేరదు కనుక వారాల తరబడి ఉంచవలసి ఉంటుంది. వంటింటి వామును పెట్టెలో చల్లడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. అందులో ఎంత మోతాదు అందుతున్నదో తెలియదు.

'''హాప్ ఆమ్లాలు:''' బీరు తయారీలో వాడే హాప్ పూల నుంచి తీసిన ఆమ్లాలతో పట్టీలు తయారు చేస్తారు. ఇవి కూడా సంతానం తక్కువగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తాయి.

=== కృత్రిమ నల్లి మందులు ===

వీటిని ప్లాస్టిక్ పట్టీలలో ఇమిడ్చి చట్రాల మధ్య వేలాడదీస్తారు. ఈగలు పట్టీని తాకుతూ తిరిగినప్పుడు మందు పెట్టె అంతటా పాకుతుంది. పట్టీ వారాల తరబడి ఉంటుంది కనుక, అరలలో నుంచి తరువాత బయటికి వచ్చే నల్లులకు కూడా మందు తగులుతుంది.

* '''ఫ్లువాలినేట్, ఫ్లూమెత్రిన్:''' ఈ రెండూ పైరెత్రాయిడ్ కుటుంబానికి చెందినవి. నల్లి నరాలలోని సోడియం ద్వారాలపై పనిచేస్తాయి.
* '''కూమఫాస్:''' ఇది ఆర్గానోఫాస్ఫేట్ మందు. మనుషులకు కూడా హానికరమైన వర్గానికి చెందినది.
* '''అమిట్రాజ్:''' ఇది వేరే మార్గంలో, ఆక్టోపమైన్ గ్రాహకాలపై పనిచేస్తుంది. అమెరికా లేబిల్ ప్రకారం పట్టీలను 42 నుంచి 56 రోజులు ఉంచి, గడువు తీరాక తప్పక తీసివేయాలి.

ఫ్లువాలినేట్, కూమఫాస్ కొవ్వులో కరిగే పదార్థాలు కనుక మైనంలో పేరుకుంటాయి. 2010లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో పరీక్షించిన మైనపు నమూనాలలో దాదాపు అన్నిటిలోను ఈ రెండింటి అవశేషాలు కనిపించాయి. పాత మైనాన్ని కరిగించి కొత్త పునాది పలకలు పోస్తే మందు కూడా వాటితో పాటు కొత్త పెట్టెలోకి చేరుతుంది.

== మందుకు లొంగని నల్లులు ==

ఫ్లువాలినేట్ వచ్చిన కొత్తలో నల్లులను దాదాపు పూర్తిగా తుడిచిపెట్టేది. ఏటేటా అదే వాడగా, దానిని తట్టుకున్న కొద్దిపాటి నల్లులే మిగిలి సంతానం పెంచుకున్నాయి. 1990లలో ఇటలీలోను, ఆ తరువాత అమెరికాలోను, 2001లో బ్రిటన్‌లోను ఈ మందుకు లొంగని నల్లులు కనిపించాయి. తరువాత అమెరికా పెంపకందారులు ఎక్కువగా అమిట్రాజ్‌పై ఆధారపడ్డారు. 2024-25 చలికాలంలో ఆ దేశంలోని వాణిజ్య పెంపకందారులు సగానికి పైగా కుటుంబాలను కోల్పోయారు. కూలిపోయిన కుటుంబాల నుంచి సేకరించిన నల్లులలో దాదాపు అన్నిటికీ అమిట్రాజ్‌ను తట్టుకునే జన్యు లక్షణం ఉన్నదని, ఆ ఈగలలో వైరస్‌లు అధిక స్థాయిలో ఉన్నాయని అక్కడి ప్రభుత్వ వ్యవసాయ శాస్త్రవేత్తలు 2025లో వెల్లడించారు.

దీనికి విరుగుడు మందులను మార్చి మార్చి వాడడం. అయితే మార్చవలసినది వ్యాపార నామం కాదు, మందు పనిచేసే మార్గం. ఎపిస్టాన్‌లో ఉన్నది ఫ్లువాలినేట్, బేవరాల్‌లో ఉన్నది ఫ్లూమెత్రిన్. రెండూ పైరెత్రాయిడ్‌లే కనుక ఒకదాని తరువాత ఒకటి వాడితే మార్పిడి జరిగినట్లు కాదు. పట్టీలను గడువు దాటి పెట్టెలో వదిలివేయడం, ఒక పట్టీని రెండు ముక్కలు చేసి రెండు పెట్టెలకు సర్దడం కూడా లొంగని నల్లులను పెంచుతాయి. చావని మోతాదు నల్లికి శిక్షణ వంటిది.

== ఎంపికకు ముందు వేసుకోవలసిన ప్రశ్నలు ==

# '''ఏ నల్లి?''' భారతదేశంలో ఐరోపా ఈగలకు ట్రోపిలేలాప్స్ అనే మరొక నల్లి కూడా సోకుతుంది. ఇది కొండ తేనెటీగల నుంచి వచ్చినది. సన్నగా, పొడవుగా ఉండి వేగంగా పరుగెత్తుతుంది. పెద్ద ఈగలను కొరకలేదు కనుక సంతానం లేకపోతే కొద్ది రోజులలోనే చనిపోతుంది. అందువలన దీనికి రాణిని బంధించి సంతానానికి విరామం ఇవ్వడమే బలమైన చికిత్స. వరోవాకు అది సగం చికిత్స మాత్రమే.
# '''మూత వేసిన సంతానం ఉన్నదా?''' లేకపోతే ఆక్సాలిక్ ఆమ్లం చాలు. ఉంటే ఫార్మిక్ ఆమ్లం గాని, వారాల తరబడి పెట్టెలో ఉండే మందు గాని కావాలి. లేదా ముందుగా రాణిని బంధించాలి.
# '''ఉష్ణోగ్రత ఎంత?''' చికిత్స జరిగే రోజులన్నిటి అంచనాను చూడాలి. ఫార్మిక్ ఆమ్లానికి పై హద్దు, థైమాల్‌కు పై హద్దు, కింది హద్దు కూడా ఉన్నాయి.
# '''తేనె గది ఉన్నదా?''' థైమాల్, కృత్రిమ మందులు తేనె తీసిన తరువాతనే వాడాలి. అమిట్రాజ్ పట్టీలు తీసివేసిన 14 రోజుల తరువాతనే తేనె గదిని పెట్టాలని అమెరికా లేబిల్ చెబుతున్నది. ఐరోపా సమాఖ్య కిలో తేనెలో అమిట్రాజ్ అవశేషం 0.2 మిల్లీగ్రాములు మించరాదని నియమించింది. ఎగుమతి చేసేవారికి ఈ హద్దు ముఖ్యమైనది.
# '''క్రితం సారి ఏది వాడారు?''' ఆ వర్గం మందును వరుసగా రెండవసారి వాడరాదు.
# '''దేశ నియమాలు అనుమతిస్తున్నాయా?''' ఒక దేశంలో అనుమతి ఉన్న మందుకు మరొక దేశంలో ఉండకపోవచ్చు. పొలానికో, పశువులకో అమ్మే అమిట్రాజ్, ఫ్లువాలినేట్ ద్రావణాలను కలిపి పెట్టెలో వాడడం ఎక్కడైనా ప్రమాదకరమే.

== ఒక లెక్క ==

సంతానం ఉన్నప్పుడు ఆక్సాలిక్ ఆమ్లం ఎందుకు సరిపోదో ఈ ఊహాలెక్క ద్వారా సులభంగా అర్థమవుతుంది. ఒక కుటుంబంలో 30,000 ఈగలు, 100 ఈగలకు 3 నల్లులు ఉన్నాయనుకుందాం.

* ఈగల ఒంటి మీది నల్లులు 900.
* ఇవి మొత్తంలో మూడవ వంతు అయితే మొత్తం నల్లులు 2,700. అరలలో దాగినవి 1,800.
* ఈగల మీది నల్లులలో 90 శాతాన్ని మందు చంపితే చనిపోయేవి 810.
* మిగిలేవి 1,890. అనగా మొత్తంలో 70 శాతం బతికే ఉన్నాయి.

మరునాడు ఈగలను కడిగి లెక్కిస్తే 100 ఈగలకు 0.3 నల్లి మాత్రమే కనిపిస్తుంది. మందు అద్భుతంగా పనిచేసిందని అనిపిస్తుంది. అరల మూతలు తెరుచుకున్న కొద్దీ సంఖ్య మళ్ళీ పెరుగుతుంది. అదే కుటుంబంలో ముందుగా రాణిని బంధించి, సంతానమంతా బయటికి వచ్చిన తరువాత అదే మందు వేసి ఉంటే ప్రతి పది నల్లులలో తొమ్మిది చనిపోయేవి. మందు ఒకటే, మోతాదు ఒకటే. వేసిన వేళ మాత్రమే మారింది. చికిత్స తరువాతి లెక్కను కూడా ఒక సంతాన చక్రం గడిచిన తరువాత చేయాలనే నియమానికి కారణం ఇదే.

== తెలుగు రాష్ట్రాల పరిస్థితి ==

1991-92 ప్రాంతంలో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ వలన దక్షిణ భారతదేశంలో పుట్ట తేనెటీగల పెంపకం బాగా దెబ్బతిన్నది. తరువాత ఐరోపా తేనెటీగల పెంపకం దక్షిణాదికి కూడా వ్యాపించింది. నేడు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో రెండు జాతుల ఈగలనూ పెంచుతున్నారు. నల్లి విషయంలో ఈ రెండింటిని వేరుగా చూడాలి. పుట్ట తేనెటీగ తనను తాను చాలావరకు కాపాడుకుంటుంది. దాని పెట్టెలో ఒకటి రెండు నల్లులు కనిపించినంత మాత్రాన మందు వేయనవసరం లేదు. పైన చెప్పిన మోతాదులు ఐరోపా ఈగల కోసం నిర్ణయించినవి.

నల్లి నివారణపై వచ్చిన పుస్తకాలు ఎక్కువగా చలి దేశాలలో రాసినవి. అక్కడ చలికాలంలో రాణి గుడ్లు పెట్టడం ఆపివేస్తుంది. డిసెంబరులో ఆక్సాలిక్ ఆమ్లం వేయమనే సలహా ఆ విరామాన్ని ఆధారం చేసుకున్నది. మన ప్రాంతంలో అటువంటి విరామం సహజంగా రాదు. పూత లేని కాలంలో సంతానం తగ్గవచ్చు కాని పూర్తిగా ఆగిపోవడం అరుదు. పైగా డిసెంబరు చుట్టుపక్కల నెలలు మనకు పూతకాలం. అరకు లోయలో వలిసెలు పూసేది కూడా ఆ రోజులకు దగ్గరలోనే. కనుక ఆ సలహాను యథాతథంగా పాటిస్తే సంతానం నిండుగా ఉన్నప్పుడు, తేనె గది ఉన్నప్పుడు మందు వేసినట్లవుతుంది. ఇక్కడ విరామాన్ని రాణిని బంధించి కల్పించుకోవాలి.

ఫార్మిక్ ఆమ్లానికి మన ఎండలు అడ్డంకి. వేసవిలో 40 డిగ్రీలు దాటే చోట్ల ఆ పట్టీలను వాడడం కుటుంబాన్ని ప్రమాదంలో పెట్టడమే. భారతదేశంలో ఈ ఆమ్లాన్ని చిన్న సీసాలో పోసి, దూది వత్తి ద్వారా కొద్దికొద్దిగా ఆవిరి అయ్యేలా ఉంచే పద్ధతి వాడుకలో ఉన్నది. చట్రాలపై గంధకపు పొడి చల్లడం మరొక వాడుక పద్ధతి. దీనిని ముఖ్యంగా ట్రోపిలేలాప్స్‌కు వాడతారు.

పొద్దుతిరుగుడు వంటి పూతల కోసం పెట్టెలను ఊరి నుంచి ఊరికి తరలించేవారు మరొక విషయం గమనించాలి. పలువురి పెట్టెలు ఒకే చోట చేరినప్పుడు దారి తప్పిన ఈగలు, దోపిడీ ఈగలు నల్లులను ఒక పెట్టె నుంచి మరొక పెట్టెకు మోస్తాయి. ఒకరు మందు వేసి పక్కవారు వేయకపోతే నెల తిరిగేలోగా నల్లులు తిరిగి వస్తాయి. అందరూ ఒకే వారంలో చికిత్స చేయడం మంచిది.

== మందు లేకుండా పెంచవచ్చునా? ==

నల్లిని తట్టుకునే ఈగలను ఎంపిక చేసి పెంచే ప్రయత్నాలు అనేక దేశాలలో జరుగుతున్నాయి. నల్లి పట్టిన పిల్లను గుర్తించి అరను తెరిచి పారవేసే లక్షణం కొన్ని వంశాలలో బలంగా ఉంటుంది. అమెరికా శాస్త్రవేత్తలు ఈ లక్షణాన్ని వృద్ధి చేశారు. రష్యా దూరప్రాచ్యంలోని ప్రిమోర్‌స్కీ ప్రాంతం నుంచి 1997లో తెచ్చిన ఈగల నుంచి మరొక వంశాన్ని అభివృద్ధి చేశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆర్నాట్ అడవిలో మందు లేకుండా బతుకుతున్న అడవి కుటుంబాలను థామస్ సీలీ అధ్యయనం చేశాడు.

శాశ్వత పరిష్కారం ఈ దారిలోనే ఉన్నదని పలువురి అభిప్రాయం. అయితే సాధారణ రాణి ఉన్న కుటుంబానికి ఉన్నట్టుండి మందు మానివేయడం ఈ పద్ధతి కాదు. అలా చేస్తే కుటుంబం చనిపోవడమే కాక, చనిపోయే దశలో దానిని దోచుకోవడానికి వచ్చిన ఈగలు నల్లులను చుట్టుపక్కల పెట్టెలన్నిటికీ తీసుకుపోతాయి. లెక్కించడం మానకుండా, లొంగిపోయిన కుటుంబానికి చికిత్స చేసి రాణిని మార్చడం మధ్యేమార్గం.

== జాగ్రత్తలు ==

* ఫార్మిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు చర్మాన్ని, కళ్ళను, ఊపిరితిత్తులను గాయపరుస్తాయి. ఆమ్లాన్ని తట్టుకునే చేతితొడుగులు, కళ్ళజోడు తప్పనిసరి. ఆక్సాలిక్ ఆవిరి పట్టించేటప్పుడు ఆమ్ల ఆవిరులను వడగట్టే శ్వాసకవచం ధరించాలి. మామూలు గుడ్డ ముసుగు పనికిరాదు.
* ఆమ్లాన్ని పలచన చేసేటప్పుడు నీటిలో ఆమ్లాన్ని పోయాలి. ఆమ్లంలో నీటిని పోయరాదు.
* మందు వేసిన తేదీ, పేరు, మోతాదు, ముందు వెనుకల నల్లుల లెక్క ఒక పుస్తకంలో రాసుకోవాలి. చికిత్సకు ముందు 100 ఈగలకు 4, తరువాత 1 ఉంటే తగ్గుదల 75 శాతం. సంఖ్య ఏమీ తగ్గకపోతే మందు మోతాదు పెంచడం సరికాదు. వేరే వర్గం మందుకు మారాలి.
* లేబిల్‌పై ఉన్న మోతాదు, గడువు, ఉష్ణోగ్రత హద్దులే అంతిమ ప్రమాణం.

== ఇవి కూడా చూడండి ==

* తేనెటీగ
* తేనె
* తేనెటీగల పెంపకం
* పరాగ సంపర్కం
* వాము